పొట్లాం కాగితాల మీద వచ్చిన ప్రపంచం

పెద్దమ్మ జ్ఞాపకార్థ కూడికలో మైకు పట్టుకున్న ఒక పెద్దమనిషి ఆమెను ‘అమాయకురాలైన గిరిజన మహిళ’ అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. పట్నం నుంచి కారు వేసుకుని వచ్చాడు, దండ తెచ్చాడు, ఫొటోకి దణ్ణం పెట్టాడు. ఆ మాట అన్నప్పుడు గొంతులో జాలి కూడా పలికించాడు. ఆయన తరవాత పాస్టరుగారు నన్ను రెండు ముక్కలు మాట్లాడమన్నారు. లేచి నిలబడి, “మా పెద్దమ్మ అమాయకురాలు కాదు” అన్నాను. అంతే, మైకు పాస్టరుగారి చేతికిచ్చేశాను. కూర్చున్నాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ఆమె పేరు మార్తమ్మ, మా అమ్మకు అక్క. మిషన్ బోర్డింగు బడిలో ఏడో తరగతి దాకా చదివింది. పెళ్ళయిన కొద్ది రోజులకే భర్తను మలేరియా తీసుకుపోతే, మళ్ళీ ఎవరి ఇంటికీ వెళ్ళకుండా డుంబ్రిగుడ సంతలో బెల్లం, శనగలు, ఎండు చేపలు అమ్ముకుంటూ బతికింది. మా ఊరు కొండ మీద ఉండేది, బడి కింద ఉండేది. అందుకని నాకు ఊహ తెలిసేసరికే అయ్య నన్ను ఆమె దగ్గర వదిలేశాడు. ఆ ఇంట్లో పొద్దున లేవగానే మొదట ముక్కుకు తగిలేది ఎండు నెత్తళ్ళ వాసన. ఆ తరవాత పొయ్యి మీద ఉడుకుతున్న చోడి అంబలి వాసన. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఊరంతా ఒకటే ఘాటు. వీటన్నిటి కిందా, గది మూలలో, తాడుతో కట్టిన పాత పేపర్ల కట్ట వాసన ఒకటి ఉండేది. తడిసి ఆరిన కాగితం, సిరా, కొంచెం బెల్లం. ఇప్పటికీ ఏ పాత పుస్తకాల కొట్లోకి అడుగుపెట్టినా నాకు ఆకలేస్తుంది.

ఆ కట్ట పొట్లాలు కట్టడానికి. సరుకుతో పాటు విశాఖ నుంచి కిరండోల్ పాసింజరు రైల్లో వచ్చేది. మిగతా వ్యాపారులు కట్ట విప్పి చింపుకుంటూ పోయేవారు. పెద్దమ్మ మాత్రం చదవకుండా ఒక్క కాగితం చింపేది కాదు. సంత రోజు ఎవరైనా శనగలు కొంటే, కాగితం చదివినదా కాదా అని చూసేది. చదవనిదైతే పక్కకు పెట్టి అడ్డాకులో కట్టిచ్చేది. “కాగితంలో కట్టొచ్చు కదే” అని ఎవరైనా గొణిగితే, “ఆ కాగితం నేనింకా సదవనేదు. ఆకులో తీసుకెల్లు, ఆకు తెగిపోదులే” అనేది. నెత్తళ్ళు కొనేవాళ్ళకి మాత్రం సినిమా బొమ్మల పేజీ ఇచ్చేది. ఆ పేజీ చదవక్కర్లేదని ఆమె ఉద్దేశం. నాకేమో ఆ పేజీయే కావాలనిపించేది.

ఆదివారం గుడి విడిచాక, అంబలి తాగి, అరుగు మీద చాప పరిచేది. వారంలో చదివినవన్నీ ఆ పూట చెప్పేది. కొండ మీది వాళ్ళకి ఆదివాసీ ఒరియాలో, మిగతావాళ్ళకి తెలుగులో. చేత్తో కాగితం పట్టుకునేది గానీ దాన్ని చూసి చదివేది కాదు. మనసులో చదివేసుకుని, తల ఎత్తి, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తూ చెప్పేది. వార్త మాకు ఎప్పుడూ ముదిరిపోయి వచ్చేది. ఎక్కడో మొదలైన యుద్ధం గురించి మేం మాట్లాడుకునేసరికి అక్కడ సంధి కూడా అయిపోయి ఉండేది. కాగితాలు సగంసగం ఉండేవి. చీమలు తిన్న చోట, బెల్లం అంటిన చోట పెద్దమ్మ తన ఊహతో నింపేసేది. ఆమె చెప్పినవన్నీ నిజాలని నేననను. ఏదో దేశపు ప్రధాని రాజీనామా చేశాడని ఊరందరికీ చెప్పింది ఒకసారి. తరవాత దొరికిన ముక్కలో ‘చేసే ప్రసక్తే లేదు’ అని ఉంది. మరుసటి ఆదివారం ఆ మాటా చెప్పింది. “నేను తప్పు సెప్పీసినాను, ఆడు దిగనేదు” అని. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, తరవాతి కాగితం తీసింది.

అక్కడికి తప్పకుండా వచ్చేవాడు గాసి తాత. ఊళ్ళో అందరికంటే పెద్దవాడు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేవాడు. ఏ దేశం పేరు చెప్పినా ఆయనది ఒకటే ప్రశ్న. “ఆ దేశానికి కొండలున్నాయేటి?” ఉన్నాయంటే ఆ దేశం సంగతి శ్రద్ధగా వినేవాడు. లేవంటే అడ్డపొగ ఆర్పకుండానే నిద్రపోయేవాడు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం పెద్దమ్మ చాప మీద కూర్చుని ఒకే కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. చివరికి, “రష్యా దేశం నేదంట” అంది.

“నేకపోడమేటి? ఎక్కడికెల్లిపోనాది?” అన్నాడు గాసి తాత.

“ముక్కలైపోనాది మావా. ఒకటే దేశం, ఇప్పుడు బోలెడన్ని.”

తాత అడ్డపొగ నోట్లోంచి తీశాడు. “మరయితే కొండలు ఎవులికి వచ్చినాయి?”

“పేపర్లో ఎయ్యనేదు.”

“అదే ఎయ్యాల” అన్నాడాయన కోపంగా. “మనుసులు పంచుకుంటే కొండలు ఎవులికో ఒకలికి పోతాయి. ముందు అది సెప్పాల.”

మరునాడు బడిలో సోషల్ మాస్టారు గోడ మీది ప్రపంచ పటం దగ్గర బెత్తం పెట్టి, ఆసియా నుంచి యూరప్ దాకా పరుచుకున్న గులాబీ రంగును చూపించి, “ఇది సోవియట్ యూనియన్” అన్నారు. నేను లేచి, “అది ఇప్పుడు లేదండీ” అన్నాను. క్లాసు నవ్వింది. ఎవరు చెప్పారని అడిగారు. మా పెద్దమ్మ అన్నాను. “ఎండు చేపలమ్మే మార్తమ్మా?” అని ఆయన కూడా నవ్వారు. ఆయనకు ఆ సంగతి తెలియదని నేననుకోను. పట్నం మనిషి, రేడియో ఉంది. మా ముందు తెలియనవసరం లేదనుకుని ఉంటారు. “పటం గవర్నమెంటు పంపింది. అందులో ఉన్నంతకాలం ఉన్నట్టే” అన్నారు. లేదండీ అన్నాను మళ్ళీ. బయట ఎండలో నిలబెట్టారు.

కబురు అందుకుని పెద్దమ్మ సంతకు పెట్టుకున్న బుట్ట అలాగే నెత్తిన ఉంచుకుని బడికొచ్చింది. “పిల్లని ఎండలో ఎందుకు నిలబెట్టినారు బాబూ?” అని అడిగింది. మాస్టారు విసుక్కోకుండానే చెప్పారు: “చూడమ్మా, మీవాళ్ళకి రష్యా సంగతి ఎందుకు? అది ఉంటే మీకేం వస్తుంది, పోతే మీకేం పోతుంది?”

పెద్దమ్మ నెత్తి మీది బుట్ట దించింది. “మరి తవరికేటి వస్తాది బాబూ?” అంది.

ఆయన బెత్తం తీసుకుని క్లాసులోకి వెళ్ళిపోయారు. నన్ను లోపలికి పిలవలేదు. పటం కూడా మారలేదు. నేను పదో తరగతి దాటేదాకా అదే పటం, అదే గులాబీ రంగు. ఆ పాఠం వచ్చిన ప్రతిసారీ నేను లేచి లేదనేదాన్ని, బయటికి వెళ్ళి నిలబడేదాన్ని. పోను పోను బెత్తం చూపించక ముందే లేచి నడిచేదాన్ని. ఇంటికొచ్చాక పెద్దమ్మ నా మాడు మీద చెయ్యి పెట్టి చూసి, ఇంత ఆముదం అద్దేది. ఊరుకోవే అని మాత్రం ఒక్కనాడూ అనలేదు.

లెక్కల సంగతి ఆ తరవాతది. ఒక సంత రోజు సాయంత్రం కట్ట అడుగున సగం పేజీ కనిపించింది. ఇంగ్లండు వైపు ఒక లెక్కల మాస్టారు, మూడు వందల యేళ్ళకు పైగా ఎవరికీ తెగని లెక్కను తెంపాడని వార్త. ఎప్పుడో ఒకాయన పుస్తకం అంచు మీద ఆ లెక్క రాసి, దీనికి రుజువు నా దగ్గర ఉంది గానీ ఇక్కడ చోటు చాలదని వదిలేసి చచ్చిపోయాడట. అప్పటి నుంచీ మహామహులు తలలు బద్దలు కొట్టుకున్నారట. ‘ఇంతకీ ఆ లెక్క ఏమిటంటే’ అన్న చోట కాగితం చిరిగిపోయింది. కింది సగం లేదు.

నాకు ఒళ్ళంతా ఒక రకం దురద పుట్టింది. మూడు వందల యేళ్ళు తెగని లెక్క ఎలా ఉంటుంది? మా బళ్ళో లెక్కలన్నీ పుస్తకం వెనక జవాబుతోనే పుట్టేవి. పెద్దమ్మ తల గోక్కుని, “కింద ముక్క నేనే కట్టీసినాను, పక్క ఊరి లచ్చిమికి, శనగలు” అంది. చీకటి పడకుండా ఇద్దరం ఆ ఊరికి నడిచాం. లచ్చిమి పొయ్యి ముందు కూర్చుని ఉంది. సంగతి విని నోరు నొక్కుకుంది.

“ఓలమ్మ! ఆ కాగితంతోటే కదే పొయ్యి రాజేసినాను!”

“సదివినావేటి, కాల్సే ముందు?” అంది పెద్దమ్మ ఆశగా.

“నాకు సదువెక్కడిదే మార్తా!”

తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా పెద్దమ్మ తనను తాను తిట్టుకుంటూనే ఉంది. మరునాడు బళ్ళో లెక్కల మాస్టారిని అడిగితే అలాంటిది తాను వినలేదన్నారు. ఆ చలికాలం ఇంకో ముక్క దొరికింది. ఆ రుజువులో కన్నం ఒకటి బయటపడిందని, దాన్ని పూడ్చడానికి ఆయన కష్టపడుతున్నాడని అందులో ఉంది. లెక్క ఏమిటో అందులోనూ లేదు. నేను పదో తరగతి పాసయ్యేదాకా మాకు తెలిసింది అంతే. ఒక లెక్క ఉంది. ఒక మనిషి దాని ముందు కూర్చుని ఉన్నాడు. అతనికి అది ఇంకా లొంగలేదు.

జూనియర్ కాలేజీలో చేర్చడానికి నన్ను పెద్దమ్మే తీసుకెళ్ళింది. ప్రిన్సిపాలుగారు మార్కులు చూసి, “హెచ్.ఇ.సి. ఇచ్చేస్తాను. తరవాత టీచర్ ట్రైనింగుకి పోతుంది” అన్నారు. నేను ఎం.పి.సి. కావాలన్నాను. ఆయన పెన్ను కింద పెట్టారు.

“ఏజెన్సీ పిల్లలు అందులో నిలబడరమ్మా. అందులో ఆడపిల్లవి. ఎందుకు నీకు లెక్కలు?”

నాకు తెలిసిన కారణం ఒకటే. మూడు వందల యేళ్ళ లెక్క సంగతి చెప్పాను. ఆయన ఆశ్చర్యంగా చూసి, నవ్వేశారు. “అది నేనూ చదివాను. అందులో తప్పు దొరికింది కదా! అంతటివాడికే రాలేదు, నీకేం వస్తుంది?”

నా వెనక నుంచి పెద్దమ్మ, “ఆయన మానీసినాడేటి బాబూ?” అంది.

“ఎవరు?”

“ఆ లెక్కల బాబు. తప్పొచ్చిందనీసి మానీసినాడా, ఇంకా సేత్తన్నాడా?”

“నాకేం తెలుసు? చేస్తూనే ఉండుంటాడు.”

“అయితే మా గుంట కూడా సేత్తాది. రాయండి.”

ఆయన రాయలేదు. బయట కూర్చోమన్నారు, అంటే వెళ్ళిపొమ్మని. పెద్దమ్మ దాన్ని కూర్చోమనే అర్థం చేసుకుంది. ఆఫీసు వరండాలో స్తంభానికి ఆనుకుని, సంచిలోంచి పాత పేపర్లు తీసి, అక్కడ తమ పిల్లల కోసం కాచుకుని ఉన్న తల్లిదండ్రులకు వార్తలు చెప్పడం మొదలుపెట్టింది. నల్లవాళ్ళను వాళ్ళ సొంత దేశంలోనే వేరే పెట్టిన చోట ఇప్పుడు నల్లాయన గద్దె ఎక్కాడని చెప్పింది. జైల్లో ఎన్నాళ్ళు పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పింది. పాడేరు వైపు నుంచి వచ్చిన ఒకాయన, “ఆల్ల భూములు ఆల్లకి తిరిగిచ్చినారేటి?” అని అడిగాడు. వాదన లేచింది. అటెండరు వచ్చి గదమాయించాడు. కొంతమంది లేచారు, మళ్ళీ కూర్చున్నారు. పెద్దమ్మ గొంతు తగ్గించలేదు. నాకు సిగ్గు వేసింది, భయం వేసింది. ఇంటికి పోదామని కొంగు పట్టుకుని లాగాను. “ఉండే, ఆయనే బయటికొస్తాడు” అంది.

వచ్చారు. గుమ్మంలో నిలబడి ఆ గుంపును, మధ్యలో ఆమెను చూశారు. “ఇదిగో, రాశాను. ఫెయిలైతే మళ్ళీ నా దగ్గరికి రావద్దు” అన్నారు.

“ఫెయిలయితే మల్లీ రాత్తాది గానండీ, తవరి దగ్గిరికెందుకొస్తాం” అంది పెద్దమ్మ, పేపర్లు మడిచి సంచిలో పెట్టుకుంటూ.

మొదటి క్వార్టర్లీలో లెక్కలు తప్పాను. ఆ లెక్క ఏమిటో మాత్రం అక్కడే తెలిసింది. కొత్తగా వచ్చిన కుర్ర లెక్చరరు బల్ల మీద సుద్దతో రాసి చూపించాడు. మూడు వర్గం, నాలుగు వర్గం కలిపితే అయిదు వర్గం వస్తుంది. ఇలాంటివి ఎన్నయినా దొరుకుతాయి. కానీ రెండు ఘనాలు కలిపితే ఎప్పటికీ ఇంకో ఘనం రాదు. ఆ పైన ఏ ఘాతానికీ రాదు. ఇంతే! మా లచ్చిమి పొయ్యిలో కాలిపోయింది ఇంత చిన్న మాట. ఎందుకు రాదో చెప్పడానికే మూడు వందల యేళ్ళు పట్టింది. ఆ రోజు హాస్టల్లో నేను ఘనాలు కలుపుతూ కూర్చున్నాను. రాదని తెలుసు. అయినా కలిపాను.

కన్నం పూడిందా లేదా అన్న వార్త మాత్రం పెద్దమ్మ కట్టల్లో ఎప్పుడూ రాలేదు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా, “ఆ లెక్కల బాబు ఏటయినాడో” అనేది. డిగ్రీకి విశాఖ వెళ్ళాక, అక్కడి లైబ్రరీలో ఒక పత్రికలో చూశాను. కన్నం బయటపడ్డ మరుసటి ఏడాదికే ఆయన దాన్ని పూడ్చేశాడు. మేం వరండాలో కూర్చున్న రోజుకి ఇంకా లొంగని లెక్క, కొద్ది నెలలకే లొంగిపోయింది. నాకే ఇన్నాళ్ళకు తెలిసింది. ఆ శనివారమే పాసింజరెక్కి వచ్చి పెద్దమ్మకు చెప్పాను. పొంగిపోతుందనుకున్నాను. ఆమె నెత్తళ్ళు ఏరుతూ ఏరుతూ ఆగింది.

“ఎన్నేల్లు సేసినాడు?”

“ఏడేళ్ళ పైనే. మొదట్లో ఎవరికీ చెప్పకుండా, ఇంట్లో ఒక్కడే కూర్చుని చేశాడంట.”

“ఎవులికీ సెప్పకుండానా?” ఆమె మొహం చిట్లించింది. “అదేటి బుద్ధి! సెప్పుంటే ఆ కన్నం ఎవులో ఒకలు బేగి సూపించీవోల్లు కదే. ఇంత పెద్ద సదువు సదివినోడికి ఆ మాత్రం తెల్దేటి?”

ప్రపంచమంతా నెత్తిన పెట్టుకున్న మనిషి మీద ఆమెకు ఉన్న ఫిర్యాదు అది. అప్పుడు నవ్వాను. లెక్కలు చెప్పడమే వృత్తి చేసుకుని, ఒంటరిగా కూర్చుని పాడు చేసుకున్న పనులు నావే ఎన్నో చూసుకున్నాక, ఇప్పుడు నవ్వు రావడం లేదు.

అప్పుడు వార్త ముదిరి, చిరిగి, చేపల వాసనతో వచ్చేది. ఇప్పుడు జరిగిన నిమిషానికి అందరి చేతుల్లోనూ వెలుగుతోంది. మా కొండ మీద కూడా టవరు ఉంది. అయినా ఆ ముక్కల కోసం మేం పడ్డ ఆరాటం ఇప్పుడెక్కడా కనపడదు. దొరికినదంతా మింగేయడమే. ఎవరో పంపిన అబద్ధాన్ని ఇంకొకరికి తోసేయడమే. నేను తప్పు చెప్పాను అని మరుసటి ఆదివారం ఒప్పుకునేవాళ్ళు లేరు. ఒక్కటి మాత్రం చెక్కు చెదరలేదు. ‘మీకెందుకు’ అన్న మాట. అప్పుడు బెత్తం పట్టుకుని అనేవారు, ఇప్పుడు చిరునవ్వుతో అంటున్నారు.

కూడిక అయిపోయాక నేను వెంటనే విశాఖ వెళ్ళలేదు. ఆదివారం అరుగు ఊడ్చి చాప పరిచాను. పక్కింటి సుక్రి వదిన వచ్చింది, ఇంకో నలుగురొచ్చారు. అప్పటి నుంచీ ఆదివారం ఆదివారం వస్తున్నాను. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర మనవాళ్ళ నౌక దిగిన చోట నీడలో మంచు ఉండవచ్చట, దాని సంగతి మాట్లాడుకున్నాం. ఒకే ఒక్క ఆకారం పలకలతో నేలంతా సందు లేకుండా పరిచినా, ఆ అమరిక ఎప్పటికీ మళ్ళీ మళ్ళీ రాకుండా ఉండే పలక ఒకటి ఉందని ఈమధ్యే తేలింది. ఆ పలకను మొదట కనిపెట్టినవాడు పెద్ద పండితుడు కాదు, ముచ్చటకొద్దీ అట్ట ముక్కలు కత్తిరించుకునే మనిషి. అట్ట కత్తిరించి చాప మీద పరిచి చూపిస్తే, ఆడవాళ్ళు వంట మానేసి పేర్చుతూ కూర్చున్నారు. పోటీ పరీక్షల్లో పిల్లలు చేసే కష్టమైన లెక్కల్ని యంత్రాలు చేసేస్తున్నాయని చెబితే, అయితే నీ ఉద్యోగం ఉంటుందా అని అడిగారు. తెలియదన్నాను.

పోయిన నెలలో యూరప్ దేశాల కాఫీ నిబంధన గురించి చెప్పాను. అడవి నరికి పండించిన కాఫీ తాము కొనమని, ప్రతి తోట ఎక్కడుందో ఆకాశం నుంచి చూసేలా గుర్తులు ఇవ్వాలని వాళ్ళ చట్టం. సుక్రి వదినకు మిరియాల తీగలల్లుకున్న చెట్ల కింద కాఫీ తోట ఉంది. ఆమెకు మండిపోయింది.

“మేం నరికినామేటి అడివిని? మా సెట్లు మా నెత్తి మీదే ఉన్నాయి కదా! ఆల్ల అడివేదీ? ముందు అది సూపించమను, ఆకాశం నుంచి.”

“అడవిని కాపాడడానికే కదా వదినా.”

“కాపాడమను, బావుంది. అడగడం ఆల్లేనా? మనం కూడా అడగాల.”

ఈ మాటలు నడుస్తుండగానే మా అరుగు ముందు రిసార్టు వ్యాన్ ఆగింది. పది మంది దాకా పర్యాటకులు దిగారు. మేనేజరు కుర్రాడు మర్యాదగా వచ్చి, “మేడం, మీరిక్కడ ప్రతి ఆదివారం కథలు చెబుతారని విన్నాం. మా గెస్టులకి ట్రైబల్ కథలు కావాలి. చందమామ గురించి మీ పాత నమ్మకాలూ, అలాంటివి. ఆఖర్న ఆడవాళ్ళు కొంచెం థింసా ఆడితే బావుంటుంది” అన్నాడు.

“ఈ వారం కాఫీ చట్టం మాట్లాడుకుంటున్నాం” అన్నాను.

“అవన్నీ వీళ్ళకెందుకు మేడం? పాపం, వీళ్ళకేం అర్థమవుతుంది?”

నేను నోరు తెరిచేలోగా సుక్రి వదిన లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. “బాబూ, థింసా మేం ఆడాలనిపించినప్పుడు ఆడతాం. కూకుంటే కూకోండి, టికెట్టు నేదు. ఫొటోలు తరవాత. ఇప్పుడు మాట నడుస్తన్నాది” అంది.

చాలామంది వ్యాన్ ఎక్కేశారు. ఒక పెద్దావిడ, ఆమె కూతురు మాత్రం చెప్పులు విడిచి, చాప మీద చోటు లేక నేల మీదే వెనగ్గా కూర్చున్నారు. నేను ఆదివాసీ ఒరియాలోనే కొనసాగించాను. వాళ్ళ కోసం భాష మార్చలేదు. కాసేపటికి ఆ పెద్దావిడ ఇబ్బందిగా కదులుతూ ఉంటే సుక్రి వదిన వెనక్కి తిరిగింది.

“అర్థం కాకపోతే అడగండమ్మా, సిగ్గుపడకండి” అంది. “మేమూ అలగే నేర్సుకున్నాం.”